గోడకు అంటని అరుగు

రాయపూర్‌లో తెలీబంధా చెరువు పక్కనుంచి ధంతరి పోయే చిన్న రైలు ఎంత నెమ్మదిగా నడిచేదంటే, ముందు పెట్టెలో కూర్చున్నవాడు దిగి, పక్క పొలంలో పచ్చిశనగ మొక్కలు పీక్కుని, తీరిగ్గా వెనక పెట్టె ఎక్కేవాడు. నేను కళ్లారా చూశాను. నమ్మకం లేకపోతే ఆ పొలం ఆసామిని అడగండి, ఆయన ఇంకా తిడుతూనే ఉన్నాడు.

ఆ చిన్న రైలు పట్టాలు కుదురుగా ఉండేట్టు చూడటమే మా గ్యాంగు పని. అందరం బొబ్బిలి, పార్వతీపురం పల్లెలవాళ్లం. విజయనగరం నుంచి రాయపూర్‌కి రైలు పడ్డాక మావాళ్లకి ఇటు రావడం పెరట్లోకి వెళ్లినంత సులువైంది. ఊళ్లో పెళ్లాం మీద అలిగినవాడు కూడా రాయపూర్ వచ్చి గడ్డపార పట్టేవాడు.

మాకు ఇచ్చిన క్వార్టర్లు ఒకే వరస. ఎర్ర ఇటుక గోడలు, పైన పెంకు, ముందొక తలుపు, వెనకొక తలుపు. ఇంటికీ ఇంటికీ తేడా లేదు. కొత్తగా వచ్చిన సత్తిరాజు నెలరోజులు పక్కింట్లో భోంచేశాడనీ, ఆ ఇంటివాళ్లు కూడా తమవాడే అనుకుని వడ్డించారనీ నేను అందరికీ చెప్పేవాణ్ని. నిజానికి ఒక్క పూటే తిన్నాడు. కానీ ఒక్క పూట అని చెబితే ఎవరు వింటారు?

అయితే మనుషులు చేరాక ఏ ఇల్లూ ఎక్కువ కాలం పక్కింటిలా ఉండదు. సత్తిరాజు స్నానం నీళ్లు పారే చోట అరటి పిలక నాటాడు. అది పెరిగి, ఆకు వెళ్లి సిగ్నలు చేతికి అడ్డం పడితే ధంతరి బండి ఒక పూటంతా ఆగిపోయింది. వరహాలమ్మ బొగ్గుల గదిలో కోళ్లు పెంచింది. తెల్లకోళ్లన్నీ నల్లకోళ్లయ్యాయి గానీ గుడ్లు మాత్రం తెల్లగానే పెట్టాయి. అక్కడికి అదే సంతోషం. నేను ఇంజను బూడిద మోసుకొచ్చి మా గుమ్మం ముందు బురద లేకుండా పరిచాను. వర్షాకాలంలో ఊరంతా అడుసు తొక్కుతుంటే నేను దొరలా పొడి కాళ్లతో నిలబడి వచ్చేపోయేవాళ్లతో పరాచికాలాడేవాణ్ని.

కుళాయికి పోవడానికి రైల్వేవాళ్లు గీత గీసినట్టు తిన్నని దారి ఒకటి వేశారు. దాని మీద గడ్డి మొలిచింది. ఆడవాళ్లు బిందెలు చంకనెత్తుకుని ఏటవాలుగా నడిచి నడిచి ఇంకో దారి వేసుకున్నారు. దాని మీద గడ్డి పరక లేదు. ఇలాంటివి చూస్తూ కూర్చోవడం నాకు సరదా. మనిషి ఎలాంటివాడో తెలుసుకోవాలంటే వాడి కబుర్లు వినడం దండగ, గుమ్మం ముందు ఏం చేసుకున్నాడో చూడాలి.

మా గ్యాంగుకి పెద్ద, మేటు బంగారయ్య గుమ్మం ముందు ఏమీ ఉండేది కాదు. ఒక మొక్క లేదు, ఒక రాయి లేదు. పెళ్లాం ఊళ్లో ఉండేది. ముసలి అత్తగారిని చూసుకోవాలి కదా. ఇతను ఇక్కడ తన వంట తానే వండుకునేవాడు. ఆ వంట నేను తిన్నాను. ఆ చారు పట్టాల మీద పోస్తే తుప్పు వదిలేది.

ఈ బంగారయ్య నాకు చెల్లెలి మొగుడు. అప్పలనరసమ్మ మా పెదనాన్న కూతురు. సంబంధం మాట్లాడింది నేనే కాబట్టి ఆ కాపురంలో ఏ గిన్నె దొర్లినా ఇద్దరూ తీర్పుకి నా దగ్గరికే వచ్చేవారు. స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు అత్తగారు కాలం చేస్తే, దీపావళి దాటాక అప్పలనరసమ్మ రాయపూర్‌కి కాపురానికి వచ్చింది. బంగారయ్య ఆ వారమంతా రెండు ముద్దలు ఎక్కువ తిని, పని దగ్గర ఈలపాట పాడాడు. మేటు ఈల వేస్తే గ్యాంగుకి భయం. ఏదో బండి వస్తోందనుకుని పట్టాల మీదనుంచి దూకేవాళ్లం.

నెల తిరగలేదు, ఈల ఆగిపోయింది.

ఒక సాయంత్రం నేను అటు వెళితే అప్పలనరసమ్మ ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది. అంతకు ముందు రోజూ అలాగే నిలబడి ఉంది.

“ఏటే, కాపలాకి నిలబెట్టారా నిన్ను? కూకోరాదా?” అన్నాను.

“ఎక్కడ కూకోమంటావు అన్నియ్యా?” అంది. “గడప మీద కూకుంటే ఇంటికి అరిష్టం. ఈధిలో నేల మీద కూకుంటే బిచ్చానికొచ్చినట్టుంటాది. లోపల కూకుంటే గోడలు తప్ప ఏటీ కనపడవు. ఈ ఇల్లు కట్టినోడికి అరుగు సంగతి ఎవులూ చెప్పనేదా?”

“కట్టినోడు తెల్లదొర. ఆడు అరుగు మీద కూకుని చిక్కుడుకాయలు ఒలిచే మనిషి కాడు. ఆడికేటి తెల్సు?”

“ఆడెల్లిపోయాడు కదా. ఇంకా ఆడిష్టమేనా?”

నేను నవ్వి ఊరుకున్నాను.

చెల్లెలు చెప్పింది అల్లాటప్పా మాట కాదు. మా పల్లెలో ఆడమనిషికి పని తెమిలాక దక్కేది అరుగే. బియ్యంలో రాళ్లేరినా, పిల్లకి తల దువ్వినా, పోట్లాడినా, రాజీ పడినా అక్కడే. ఇంట్లో ఉన్నట్టూ ఉంటుంది, వీధిలో ఉన్నట్టూ ఉంటుంది. అప్పలనరసమ్మ అక్కడ కూర్చుంటే ఏ కోడి ఎవరి గడ్డివాములో గుడ్డు పెట్టిందో కోడి కంటే ముందు తెలిసేది. అలాంటి మనిషిని తెచ్చి రెండు తలుపుల మధ్య పెట్టారు.

బంగారయ్యతో ఆవిడ పోట్లాడలేదు. పోట్లాడి ఉంటే అతను నిశ్చింతగా ఉండేవాడు. అన్నం వడ్డిస్తూ చల్లగా చెప్పిందట.

“ఉగాది దాకా సూత్తాను మావా. అప్పటికీ కూకోడానికి చోటు నేకపోతే నాను ఊరెల్లిపోతాను. నీకు సెలవలు దొరికినప్పుడు నువ్వే రా.”

మర్నాడు పని దగ్గర బంగారయ్య గడ్డపార మీద గడ్డం ఆనించి నన్ను పిలిచాడు.

“బావా, అరుగంటే ఎంతెత్తుంటాది?”

“కూకున్నప్పుడు కాళ్లు నేలకి అందీ అందనట్టుండాలి. అందితే కుర్చీ, అందకపోతే అటక.”

“పునాది తవ్వాలేటి?”

“తవ్వితే మంచిదే.”

పునాది తవ్వడం అతనికి చేతకాదు. అతనికి తెలిసిన పునాది ఒక్కటే. పట్టాల పక్కన పుచ్చిపోయాయని పారేసిన స్లీపరు దుంగలు, అంటే పట్టాల కింద పరిచేవి, పై ఆఫీసరుని అడిగి తెచ్చుకున్నాడు. గోడ పొడుగునా వాటిని వరసగా పరిచి, ఒకదానికొకటి ఇనుప మేకులతో బిగించి, సందుల్లో కంకర కూరాడు. దాని మీద మొరం, మొరం మీద ఇంజను బూడిద, అన్నిటి మీదా చెరువు మట్టి. ఆదివారాలూ, సాయంత్రాలూ అదే పని. మాకు పాలు పోసే బిసాహిన్ అని ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ ఉండేది. ఆవిడ ఊరకే చూడలేక చెంబు పక్కన పెట్టి, తమ ఇళ్లకి పూసే తెల్లమట్టి తెచ్చి, చేత్తో అర్ధచంద్రాలు తీస్తూ అరుగంతా అలికి పెట్టింది. అది ఎండాక చూస్తే అరుగు మీద వెన్నెల పడ్డట్టుంది. గట్టితనం చెప్పనక్కర్లేదు. వరహాలమ్మ కొబ్బరికాయ తెచ్చి దాని మీద కొడితే కాయ పగిలింది సరే, లోపలి నీళ్లు కూడా రెండు ముక్కలయ్యాయి.

ఉగాదికి ముందే అయిపోయింది. నన్ను పిలిచి మొదట కూర్చోమన్నారు. కూర్చున్నాను. కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే వెనక్కి జారి గోడకి వీపు ఆనించాను.

లేచి, వంగి, అరుగు అంచు చూశాను. వీధి వైపు ఎత్తుగా ఉంది, గోడ వైపు పల్లంగా ఉంది.

“ఏటి బావా, దీని మీద ధంతరి బండి నడుపుతావేటి?” అన్నాను.

బంగారయ్య అరుగు వైపూ, ఇంటి ముందు రోడ్డు వైపూ మార్చి మార్చి చూశాడు. ఆ రోడ్డు సరిగ్గా అతని ఇంటి దగ్గరే మలుపు తిరుగుతుంది.

“వంపు కదా బావా,” అన్నాడు నెమ్మదిగా.

సంగతేమిటంటే, రైలు పట్టాలు మలుపు తిరిగే చోట బయటి పట్టాను కాస్త ఎత్తుగా పెడతారు. లేకపోతే బండి బయటికి ఒరిగిపోతుంది. బంగారయ్య ఉద్యోగమంతా చెరువు పక్క మలుపు మీదే గడిచింది. వంపు కనిపిస్తే అతని చెయ్యి దానంతట అదే బయటివైపు ఎత్తేస్తుంది. కంచంలో అన్నం కూడా బయటి అంచుకే ఎత్తుగా సర్దుకునేవాడని నేను ప్రచారం చేశాను. అది అబద్ధం. అరుగు సంగతి మాత్రం నిజం.

“విప్పి మల్లీ కడతాను,” అన్నాడు.

“వొద్దు మావా,” అంది అప్పలనరసమ్మ. ఆవిడ అప్పటికే ఎక్కి కూర్చుని, గోడకి ఆనుకుని, కాళ్లు చాపుకుంది. “మా ఊరి అరుగు మీద నడుం నొచ్చేది. ఇది ఒళ్లో కూకోబెట్టుకున్నట్టుంది.”

ఆ మాటతో బంగారయ్య మేటుగిరీ సార్థకమైంది.

తర్వాత నేను చూసిన వింత ఏమిటంటే, అరుగు ఒక్కచోటే ఉన్నా చుట్టూ ఉన్నవన్నీ కదిలాయి. కుళాయికి పోయే ఏటవాలు దారి కొద్దికొద్దిగా వంగి అరుగు ముందునుంచి పోవడం మొదలెట్టింది. అది చుట్టుదారే. అయినా బిందె దింపుకోవడానికి చోటుంది, పలకరించే మనిషుంది. బిసాహిన్ పాలు పోయడం ఈ ఇంటితో ముగించేది, ముగించాక కూర్చునేది. ఆవిడ దాన్ని చౌరా అనేది, మా చెల్లెలు అరుగు అనేది. ఆవిడ భాష ఈవిడకి రాదు, ఈవిడ భాష ఆవిడకి రాదు. అయినా ఇద్దరూ కలిసి నాలుగు వీధుల్లో కోడళ్ల సంగతి తేల్చేవారు. చిక్కుడుకాయలు అంచు మీద పోస్తే అవే దొర్లుకుంటూ చేతిలోకి వచ్చేవి. చంటిపిల్లల్ని పడుకోబెడితే వీధిలోకి దొర్లి పడతారన్న బెంగ లేదు. వరహాలమ్మ మనవడు బువ్వ తినకపోతే ఆ అరుగు మీద కూర్చోబెట్టేవారు. వాడు వెనక్కి జారి, గోడకి తల ఆనించి, నోరు తెరిచేవాడు.

ఇలా వేసవి గడిచింది. ఆషాఢంలో వాన పట్టుకుంది.

నీళ్లు పల్లానికి పోతాయని వేరే చెప్పాలా? అరుగు మీద పడ్డ ప్రతి చుక్కా గోడ మొదట్లోకి చేరింది. చేరి అక్కడే నిలిచింది. శ్రావణం వచ్చేసరికి లోపలి గోడ నడుమెత్తు దాకా తడి ఎక్కింది. సున్నం బూరెల్లా పొంగి రాలింది. గోడకి ఆనించిన బియ్యం డబ్బా కింద పుట్టగొడుగులు మొలిస్తే అప్పలనరసమ్మ కూర వండిందని నేను అన్నాను. ఆవిడ నవ్వలేదు. నవ్వలేదంటే నిజంగానే మొలిచాయన్నమాట.

రైల్వే ఇళ్ల బాగోగులు చూసే ఇనస్పెక్టరు ఒక బెంగాలీ ఆయన, బిశ్వాస్ బాబు. గొడుగు లేకుండా ఎండలోనూ తిరగడు, నీడలోనూ తిరగడు. మంచి మనిషి, గొంతెత్తడు. వాన కాస్త తెరిపి ఇచ్చాక వరసగా అన్ని ఇళ్లూ చూస్తూ ఇక్కడికి వచ్చాడు. లోపలికి వెళ్లి గోడ మీద వేలు పెట్టి నొక్కాడు. వేలు సగం దాకా దిగింది. బయటికి వచ్చి అరుగు చూశాడు. గొడుగు మూసి, దాని మొన అరుగుకీ గోడకీ మధ్య గుచ్చబోయాడు. దిగలేదు.

“దేఖో మేట్,” అన్నాడు. “గోడ కూలితే లోపల పడుకున్నవాళ్ల మీదే పడుతుంది. నా మీద పడదు. గోడకి ఏదీ అంటుకుని ఉండకూడదు. సోమవారం మళ్లీ వస్తాను. అప్పటికి గోడ నాకు కింద నుంచి పై దాకా కనిపించాలి.”

బంగారయ్య ఏమంటాడు? ఆయన చెప్పినదాంట్లో తప్పేం లేదు. ఆయన వెళ్లాక తాను కూడా లోపలికి వెళ్లి గోడలో వేలు పెట్టి చూసుకున్నాడు. అతని వేలు లావు. అదీ దిగింది.

ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి అప్పలనరసమ్మ చెక్కపెట్టెలో చీరలు సర్దుతోంది.

“ఏటే ఇది?”

“ఆదోరం మజ్జానం బండికి ఎల్తాను అన్నియ్యా. పాసు రాయించమన్నాను.”

“అరుగు కోసం మొగుణ్ని వొదిలేత్తావా?”

“మొగుణ్ని వొదిలీలేదు. ఇంటిని వొదుల్తన్నాను. ఇంతకు ముందు తెలీక నిలబడ్డాను. ఇప్పుడు కూకోడం తెల్సినాక మల్లీ నిలబడమంటే నా వల్ల కాదు.” చీర మడత మీద చేత్తో గట్టిగా రాసింది. “ఆయన మీద కోపం నేదు. ఆయనేటి సేత్తాడు. మంచోడు. మంచోడు కాబట్టే పోట్లాడ్డానికీ నేకుండా పోయింది.”

బిసాహిన్ గుమ్మంలో నిలబడి చెంబుతో సహా ఏడుస్తోంది. “కాబర్ జాథస్ బహినీ,” అంటోంది, ఎందుకు వెళతావు చెల్లీ అని. మా చెల్లెలు ఆవిడకి తెలుగులోనే జవాబు చెప్పింది. ఆవిడకి అర్థమయింది. ఇంకా గట్టిగా ఏడ్చింది.

బంగారయ్య పెరటి గుమ్మంలో గొంతుకూర్చుని ఉన్నాడు. నేను పక్కన చేరాను.

“చార్లో చింతపండు ఎంతెయ్యాలో గుర్తుందా?” అన్నాను.

అతను నా వైపు చూసిన చూపుకి నేను ఇంకో పరాచికం మింగేశాను. జీవితంలో నేను మింగిన పరాచికాలు తక్కువ. అది ఒకటి.

ఆదివారం పొద్దున్న గ్యాంగంతా వచ్చాం. గడ్డపారలు, పారలు అన్నీ తెచ్చాం. రాయిలా గట్టిపడ్డ అరుగుని ఒక్కడు పడగొట్టలేడు. పెళ్లికి పిలిచి చావు మోయించినట్టుంది. తీరా చూస్తే అప్పలనరసమ్మ అరుగు మధ్యలో, పక్కన చెక్కపెట్టె పెట్టుకుని, గోడకి ఆనుకుని కూర్చుంది.

“దిగవే,” అన్నాను.

“దిగను. బండి టైముకి దిగుతాను. అందాకా ఇది నా అరుగే.”

“మరి మేమేటి సేయాలి?”

“మీ పని మీరు సేసుకోండి. ఆ కొసనుంచి కొట్టుకుంటా రండి. నా దగ్గరికొచ్చేసరికి బండి టైమవుతాది.”

సత్తిరాజు మేటు మొహం చూశాడు. మేటు నేల చూపులు చూస్తున్నాడు. సరేనని సత్తిరాజు గోడ వైపు సందులో గడ్డపార మొన బలవంతాన దూర్చి, కొస దుంగని పెకలిద్దామని మొగ్గాడు. దుంగ ఊడలేదు. మేకులతో బిగించిన దుంగలాయె. దాని మీద కంకర, బూడిద, చెరువు మట్టి, బిసాహిన్ అలుకు. ఒకటి కదిలితే అన్నీ కదలాలి. కిర్రుమని ఒక చప్పుడై అరుగు కొస మొత్తంగా వీధి వైపు అంగుళం జరిగింది. పైన ఒక పెచ్చు కూడా రాలలేదు.

“ఏటది?” అంది అప్పలనరసమ్మ. “నా కింద ఏదో కదిలింది.”

బంగారయ్య తలెత్తాడు. గోడకీ అరుగుకీ మధ్య సన్నగా వెలుతురు కనిపిస్తోంది. వెంటనే అతను రోజూ పట్టాల దగ్గర చేసే పనే చేశాడు. నేల మీద బోర్లా పడుకుని, బురదలో చెంప ఆనించి, ఒక కన్ను మూసి, ఆ సందు పొడుగునా చూశాడు. లేచేటప్పటికి అతని మొహం మారిపోయింది. సగం బురద వల్ల, సగం ఇంకోదాని వల్ల.

“పారలు పక్కనెట్టండి,” అన్నాడు. “గడ్డపారలు గోడెంబడి వరసగా ఎట్టండి. దీన్ని కొట్టడం నేదు. జరుపుతన్నాం.”

మాకు ఇంకో మాట అక్కర్లేదు. పట్టాలు పక్కకి ఒరిగితే మేం ఏడాది పొడుగునా చేసే పని అదే. వరసగా నిలబడి గడ్డపారలు కింద దూర్చి, అందరం ఒకేసారి మొగ్గితే ఎంత పొడుగు లైనైనా జరుగుతుంది. ఒకేసారి మొగ్గాలంటే పాట కావాలి. పాట కట్టడం ఎప్పుడూ నా వంతు.

“అప్పలనర్సమ్మా,” అన్నాను.

“ఐలెస్సా,” అన్నారు అందరూ.

“అరుగు దిగదంటా…”

“ఐలెస్సా.”

“రైలెక్కుతాదంటా…”

“ఐలెస్సా.”

“రైలు మనదేలే…”

“ఐలెస్సా.”

ఒక్కో ఐలెస్సాకి అరుగు కాస్త కాస్త జరిగింది. దాని మీద చెక్కపెట్టె జరిగింది. చెక్కపెట్టె పక్కన మా చెల్లెలు జరిగింది. ఆవిడ రెండు చేతులతో అంచు పట్టుకుని, “ఓరోరి, నన్నిలాగే టేసనుకి తోసుకెల్తారేటి?” అంటోంది. అనడం కోపంగానే అంటోంది గానీ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీధి వీధంతా చేరింది. బిసాహిన్ కూడా వచ్చి, మా పాట అర్థం కాకపోయినా ఐలెస్సా దగ్గర మాత్రం అందరికంటే గట్టిగా అందుకుంది. పాట మంచి ఊపు మీదుంది. మేటు చెయ్యెత్తి ఆపకపోతే మేం ఆగేవాళ్లం కాదు, సాయంత్రానికి అరుగునీ ఆవిడనీ ఊరి చివర భన్‌పురి దాటించి ఉండేవాళ్లం.

చెయ్యి దూరేంత సందు వచ్చాక ఆపాడు. నీళ్లు నిలవకుండా ఆ సందులో ఇటుక ముక్కలు పరిచి, ఒక కొసకి వాలు ఇచ్చి, పెరటి కాలవలోకి కలిపాడు. మేం ఆ పనిలో ఉండగానే స్టేషను వైపునుంచి విజయనగరం బండి కూత వేసింది. మా ఇంజను కూతలా పిల్లి కూత కాదది. తెలీబంధా చెరువులో కొంగలన్నీ లేచాయి.

గ్యాంగంతా పని ఆపి మా చెల్లెలి వైపు చూశాం. బంగారయ్య చూడలేదు. వంగి ఒకే ఇటుక ముక్కని తిప్పి తిప్పి పెడుతున్నాడు.

బండి ఇంకోసారి కూసింది.

“ఏటలా సూత్తారు నన్ను?” అంది అప్పలనరసమ్మ. “పొద్దున్ననగా తిన్నారు. చెమట్లు కారతన్నాయి. అన్నియ్యా, లోపల కడవలో మజ్జిగుంది, అందరికీ పొయ్యి.”

“బండి కూసిందే,” అన్నాను.

“నాకినపడనేదు.”

ఆవిడ చెవులకి పక్క వీధిలో ఉల్లిపాయ తరిగిన చప్పుడు కూడా వినిపిస్తుందని ఆ గ్యాంగులో అందరికీ తెలుసు. నేను లోపలికి వెళ్లి మజ్జిగ ముంత తెచ్చాను. బంగారయ్య ముంత ఎత్తి గడగడా తాగి, మీసాలు తుడుచుకుని, ఇటుక ముక్కని చివరికి దాని చోట పెట్టాడు.

అయితే అంతా అయిపోలేదు. సోమవారం ఉంది. రాత్రి పట్టిన వాన తెల్లారినా ఆగలేదు. అది మంచికే అయింది. పొద్దున బిశ్వాస్ బాబు గొడుగు వేసుకుని వచ్చేసరికి అరుగు మీది నీళ్లన్నీ సందులోకి దిగి, ఇటుక ముక్కల మీదుగా పెరటి కాలవలోకి చకచకా పోతున్నాయి. బాబు అరుగు చూసి, “మేట్,” అన్నాడు విచారంగా. మనిషి మంచివాడు, ఒకరి మీద ఫిర్యాదు రాయాల్సి వస్తే ఆయనకి ఆ పూట అన్నం సయించదు.

బంగారయ్య సందు చూపించాడు.

బాబు గొడుగు మూసి, మొన సందులోకి దింపాడు. నేల దాకా దిగింది. అలాగే పట్టుకుని ఈ కొసనుంచి ఆ కొస దాకా నడిచాడు. ఎక్కడా అడ్డు తగలలేదు. వంగి చూశాడు. గోడ కింద నుంచి పై దాకా కనిపిస్తోంది. లోపలికి వెళ్లి వచ్చాడు. మళ్లీ ఇంకోసారి గొడుగు దింపి నడిచాడు. వానలో తడుస్తున్నానన్న సంగతే మరిచిపోయాడు. తడిసిన ఆయన నెత్తిని రాయపూర్ చూడటం అదే మొదలని నా అంచనా.

“కిందటి వారం ఇది ఇక్కడే ఉంది కదా?” అన్నాడు.

“ఉంది బాబూ,” అన్నాడు బంగారయ్య.

“ఎలా వచ్చింది ఇక్కడికి?”

“జరిపినాం బాబూ.”

“అరుగునా?”

“లైను జరిపినట్టే బాబూ.”

బాబు గ్యాంగు వైపు చూశాడు. మేం ఆకాశం వైపు చూశాం. తర్వాత ఆయన అరుగు అంచు మీద చెయ్యి పెట్టి అటూ ఇటూ వాలు చూశాడు.

“ఇది ఇలా ఒరిగి ఎందుకుంది?”

“వంపు కదా బాబూ,” అని నేనూ, సత్తిరాజూ, అరుగు మీదనుంచి అప్పలనరసమ్మా ఒకేసారి అన్నాం.

బాబుకి నవ్వొచ్చింది. నవ్వు దాచుకోవడానికే గొడుగు తెరుచుకున్నాడని నాకు అనిపించింది. “నా పని గోడలు చూడటం,” అన్నాడు. “గోడ ఆరితే సున్నం వేయిస్తాను. గోడకి అంటని వస్తువు సంగతి నన్నెవరూ అడగరు, నేనూ అడగను.” పక్కింటికి వెళ్లిపోయాడు. మా చెల్లెలు ఇచ్చిన మజ్జిగ మాత్రం తాగి వెళ్లాడు. నిలబడే తాగాడు.

తర్వాత రెండేళ్లలో మా వరసలో అన్ని ఇళ్లకీ అరుగులు లేచాయి. అన్నీ దుంగల మీదే, అన్నీ గోడకి అంత ఎడంగానే, అన్నీ గోడవైపు ఒరిగే. ఎందుకంటే అరుగు అంటే అలాగే ఉండాలని కొత్తవాళ్లు అనుకున్నారు. మా బంగారయ్య మలుపు దగ్గర కట్టాడు సరే, తిన్నగా ఉన్న రోడ్డు మీద కూడా అలాగే కట్టారు. వీపు ఆనాలంటే ఇప్పుడు గోడ కాస్త దూరం. అలవాటు మీద వెనక్కి వాలి ఆ సందులో మొదట ఇరుక్కున్నవాణ్ని నేనే. నన్ను పైకి లాగడానికి ఐలెస్సా పాడాల్సి వచ్చింది. తర్వాత అప్పలనరసమ్మ సందులో బచ్చలి తీగ పెట్టింది. వాన నీరు తాగి అది గోడంతా పాకి, వీపుకి మెత్తగా తగిలేది. కూరకి ఆకు కావాలంటే కూర్చున్నచోటనుంచే చెయ్యి వెనక్కి పెట్టి కోసుకునేవారు. ఊరి బయటనుంచి వచ్చినవాళ్లు మా వీధి చూసి, ఈ మదరాసీల ఇళ్లన్నీ వీధి వైపు ఒక్కో అడుగు వేసి నిలబడ్డట్టున్నాయని అనేవారు.

ఒకనాడు సాయంత్రం మేం ముగ్గురం ఆ అరుగు మీద కూర్చున్నాం. బిసాహిన్ పాల చెంబు బోర్లించి వెళ్లిపోయింది. ఎడ్లబండి ఒకటి మలుపు తిరుగుతూ అప్పలనరసమ్మ కాళ్లకి రాసుకున్నంత దగ్గరగా పోయింది. ఆవిడ కాళ్లు ముడుచుకుని, ఆ బండి వెళ్లినవైపు చూసింది.

“ఈ రోడ్డు మరీ మీద మీదకొత్తంది మావా,” అంది. “ఆదోరం మీవోల్లకి వేరే పనేటైనా ఉందా?”